ఊడ్చు చేయియే ఎన్నుకొనవలెను

మధ్యతరగతి గృహస్థుని అటక యొక చిన్న వస్తుప్రదర్శనశాల వంటిది. ఉత్సాహముతో కొని, ఉపయోగింపలేక, పారవేయుటకు మనసొప్పక దాచిన వస్తువులన్నియు అచ్చట కొలువుదీరి యుండును. మా ఇంటి అటకపై అట్టి వస్తువులలో అగ్రస్థానము ఒక వాక్యూం క్లీనరుది. దానిని 1994లో కొన్నాము. మొన్నటి వేసవిలో క్రొత్తది కొనవలెనను ప్రస్తావన వచ్చి దానిని క్రిందికి దింపినప్పుడు, దుమ్మును పీల్చుటకై పుట్టిన ఆ యంత్రముపైననే వ్రేలెడు మందమున దుమ్ము పేరుకొని యున్నది.

ప్రస్తావన ఊరక రాలేదు. నా భార్యకు రెండేండ్లుగా ఇల్లు ఊడ్చు వేళ దగ్గు తెరలు తెరలుగా వచ్చుచున్నది, రాత్రులందు పిల్లికూతలు. వైద్యుడు మందులు వ్రాసి, “ఇంట్లో దుమ్ము లేవకుండా చూసుకోండి, పరుపులు ముఖ్యం” అని హెచ్చరించినాడు. ఈ సంగతి విని దూరమున నున్న మా అబ్బాయి ఫోనులో, “నాన్నగారూ, మంచిదొకటి నేనే పంపిస్తాను. రెండువేల వాట్లది చూశాను” అన్నాడు. ఆ మాట చెవిని పడగానే నాకు ముప్పది యేండ్ల క్రిందటి ఒక సాయంకాలము జ్ఞాపకము వచ్చినది.

నేనప్పుడు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుడను. మెడకు టై కట్టుకొన్న ఒక యువకుడు ఇంటికి వచ్చి, “సార్, ఐదు నిమిషాలు” అని లోనికి ప్రవేశించినాడు. మా పరుపును యంత్రముతో పీల్చి, లోపల నమర్చిన తెల్లని గుడ్డను తీసి చూపినాడు. అది నల్లబడి యుండెను. “ఇన్నాళ్లూ మీరు దీని మీదే పడుకున్నారు” అన్నాడు. అంతకంటె వాదము అవసరము లేకపోయినది. నేను అడిగిన ప్రశ్న యొక్కటే: ఎన్ని వాట్లు? ఆతడు చెప్పిన సంఖ్య నాకు గొప్పగా తోచినది. వాయిదాల కాగితముపై సంతకము చేసితిని. నా భార్య వంటయింటి గుమ్మము కడ నిలువబడి చూచుచుండెను. ఆమెను ఆ యువకుడును ఏమియు అడుగలేదు, నేనును అడుగలేదు.

మూడు మాసములు గడవకముందే యంత్రము మూలకు, మూలనుండి అటకకు చేరినది. ఇన్నాళ్లకు కారణ మడిగితిని. ఆమె యొక్కొక్కటిగా చెప్పినది: బరువు, చప్పుడు, ప్లగ్గు అందకపోవుట, అన్నిటికంటె, సంచి దులుపునప్పుడు పీల్చిన దుమ్మంతయు తిరిగి ముఖమున పడుట. మా ఇంట పనిచేయు ఆమెయు ప్రక్కనే యుండి, “దీన్ని లాక్కుని తిరిగేలోపు నేను నాలుగిళ్లు ఊడ్చుకొస్తానండి అయ్యగారూ” అన్నది. ఈ మాటలలో ఒక్కటియు వాట్లకు సంబంధించినది కాదు. భౌతికశాస్త్రము బోధించిన నేను కొలవదగినదానిని కొలువక, అంకెను చూచి కొన్నానన్న మాట.

ఈ యనుభవమునుండి నేను గ్రహించిన దొక్కటే. గృహోపకరణములను కొనువారు వేరు, వాడువారు వేరు. విక్రేత కొనువానితో మాటాడును. ప్రకటన కొనువానిని మెప్పించును. వాడువారి నడుము, చేయి, ఊపిరి ఆ బేరములో లెక్కకు రావు. కాబట్టి ఊడ్చు చేయి దేదో, ఆ చేయియే యంత్రమును ఎన్నుకొనవలెను. ఇది దాక్షిణ్యముచేత చెప్పుమాట కాదు. ఇట్లు చేయకున్న యంత్రము పనికిరాకుండ పోవును.

ఈ యంత్రముయొక్క చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు, గాలి నూది దుమ్మును ఎగురగొట్టు ఒక పరికరమును చూచి, ఊదుటకు మారుగా పీల్చిన నేమగునని యోచించినాడు. భోజనశాలలో కుర్చీ మెత్తపై చేతిరుమాలు పరచి, దానిపై నోరుంచి గట్టిగా పీల్చి, ఉక్కిరిబిక్కిరియై, రుమాలు అడుగున అంటిన మురికిని చూచి సంతోషించినాడట. ఆతడు నిర్మించిన యంత్రము గుఱ్ఱపుబండిపై వీధిలో నిలుచును. పొడవైన గొట్టములు కిటికీలగుండ ఇండ్లలోనికి పోవును. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీలను శుభ్రపరచినది ఆ యంత్రమే. కాని అది సంపన్నుల ముచ్చట. సామాన్య గృహమునకు అందునది కాదు.

సామాన్య గృహమునకు అందిన యంత్రమును కనుగొన్నవాడు ఇంజనీరు కాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి కాంటన్ పట్టణమున ఒక పెద్ద దుకాణమును ఊడ్చు పనివాడు, జేమ్స్ మరే స్పాంగ్లర్. అరువదవ యేటికి చేరువైనవాడు, ఉబ్బసరోగి. తివాచీలనుండి లేచు దుమ్ము ఆతనికి ఊపిరాడనిచ్చెడిది కాదు. 1907లో ఆతడు ఒక ఫాను మోటారును, ఒక చీపురుకఱ్ఱను, ఒక దిండుగలీబును కూర్చి, తన బాధకు తానే ఉపాయము కల్పించుకొన్నాడు. 1908లో దానికి పేటెంటు లభించినది. ఆ యంత్రమును తన ఇంట వాడి చూచి మెచ్చుకొన్నది సూసన్ హూవర్ అను గృహిణి. ఆమె భర్త, తోలుసామానుల వ్యాపారి విలియం హూవర్, దాని హక్కులను కొన్నాడు. ఇంగ్లండులో నేటికిని ఆ ఇంటిపేరు ఊడ్చుట యను క్రియకు పర్యాయపదమై యున్నది. చూడుడు: కనుగొన్నది ఊడ్చిన చేయి, పరీక్షించినది ఊడ్చిన చేయి. ఆ పిమ్మటనే అంకెలును ప్రకటనలును వచ్చినవి.

ఇంకొక సంగతియు గమనింపదగియున్నది. అమెరికను చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అను గ్రంథమున, గృహయంత్రములు గృహిణి పనిని తగ్గించెననుట పూర్తిగా నిజము కాదని నిరూపింప యత్నించినది. పూర్వము అచ్చట తివాచీలను పెరటిలోనికి మోసికొనిపోయి దులుపునపుడు పురుషులును పిల్లలును చేయి వేయుచుండిరి. యంత్రము వచ్చిన పిదప ఆ పని ఒక్క గృహిణి చేతికే వచ్చినది. అంతేకాదు, ఏ పండుగకో చేయు పని వారము వారము చేయవలసిన పని యైనది. శ్రమ తగ్గినది, పని తగ్గలేదు. ఇతరుల వాటా మాత్రము తగ్గినది. యంత్రమును ఎన్నుకొనునాడే అది ఎవరి చేతిలో తిరుగవలెనో నిర్ణయింపకున్న మన ఇండ్లలోను ఇదే జరుగును. మిక్సీ వచ్చిన తరువాత మనకు మూడు పచ్చళ్లు కావలసి వచ్చినవి కదా!

ఇక ఎన్నుకొనుట ఎట్లు? మొదట నేలను చూడవలెను. పాశ్చాత్యుల ఇండ్లలో గోడనుండి గోడవరకు తివాచీ. దారములలో చిక్కిన మురికిని రేపి లాగుటకు గిరగిర తిరుగు బ్రష్షు వారి యంత్రమునకు ప్రాణము. మన ఇండ్లలో షాబాదు బండలు, తాండూరు బండలు, మొజాయిక్కు, పాలరాయి, టైల్సు. నున్నని నేలపై ఆ బ్రష్షుతో ప్రయోజనము స్వల్పము. కొన్ని యెడల అది ఇసుకరేణువులను చిమ్మును గూడ. మన నేలకు కొండచీపురుతో సమానమైన సాధనము నేటికిని అరుదు. సీతంపేట, పాడేరు మన్యములనుండి గిరిజనులు కోసి తెచ్చు ఆ గడ్డిచీపురు తేలిక, చవక. మరమ్మతు లేదు, కరెంటు అక్కరలేదు. వాకిటికి కొబ్బరి ఈనెల చీపురు ఉండనే యున్నది. యంత్రము చీపురును తొలగించునని తలచి కొన్నవారు నిరాశ చెందుదురు.

మరి చీపురు ఓడిపోవు తావులేవి? పరుపులు, సోఫాలు, తెరలు, పుస్తకముల బీరువాలు, కిటికీలకు కొట్టిన దోమల జాలీలు, జరుగు కిటికీల గాడులు. అచ్చట చీపురు దుమ్మును తీయదు, స్థానము మార్చును. సన్నని దుమ్ము గాలిలో తేలి మరల పరుపుపైననే వ్రాలును. ఆ పరుపులలో కంటికి కనబడని సూక్ష్మకీటకములు మన చర్మమునుండి రాలు పొట్టును తిని బ్రతుకును. ఇంటిదుమ్మువలన కలుగు ఉబ్బసమునకు ఈ కీటకములు మూలమని 1964లో హాలెండు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వాటి విసర్జనమే ముఖ్యమైన హేతువని తరువాత తేలినది. కావున మన ఇంటికి కావలసినది నేలను ఊడ్చు మహాయంత్రము కాదు; పరుపుమీదికి, బీరువా పైకి, మంచము క్రిందికి సులభముగా చేరగల తేలికయైన యంత్రమును, దానికి తగిన మూతులును.

పిమ్మట వాట్ల మాట. వాట్లు యంత్రము తిను విద్యుత్తును తెలుపునే కాని, చేయు పనిని తెలుపవు. ఎక్కువ తినువాడెల్ల ఎక్కువ పనివాడు కాడని మన పెద్దలకు తెలియనిదా? ఐరోపా సమాజము 2014లో 1600 వాట్లకు మించిన గృహయంత్రములను, 2017లో 900 వాట్లు, అంతకు మించినవాటిని అంగడికి రాకుండ నిషేధించినది. అందువలన అచ్చటి ఇండ్లు మురికిపట్టి పోలేదు. యంత్రనిర్మాతలు ఫానును, గొట్టమును, మూతిని మెరుగుపరచుకొన్నారు. మన ఇండ్ల సంగతి ఒక చిన్న గుణకారముతో తేలును. పడకగదిలో నుండు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. రెంటిని గుణించిన 1380 వాట్లు. మా అబ్బాయి చెప్పిన రెండువేల వాట్ల యంత్రమును పరుపు ఉన్న గదిలో ఆ సాకెట్టునకు తగిలింపరాదు. దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు కావలెను. అది మా ఇంట నున్నది వంటయింటిలోను, స్నానాలగదిలోని నీళ్ల హీటరు కడను. ఈ లెక్క ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేయగలడు. కొను వేళ చేయువారు మాత్రము అరుదు.

విద్యార్థులకు ఇంకొక ముచ్చట. శూన్యమని పేరు పెట్టుకొన్నను ఈ యంత్రములో శూన్యమేమియు లేదు. వాయుపీడనము సుమారు 101 కిలోపాస్కలులు. గృహయంత్రము లోపల అది 20 కిలోపాస్కలులు తగ్గిన గొప్ప. వెలుపలి గాలి ఆ తక్కువ పీడనమువైపు పరుగెత్తుచు దుమ్మును వెంట తీసికొనిపోవును. గొట్టము మూతిని అరచేతితో మూసి చూడుడు: పీల్పు పట్టు అత్యధికముగా నుండును, కాని గాలి ప్రవాహము సున్న. ఒక్క దుమ్మురేణువైనను కదలదు. కావున పాస్కలుల సంఖ్య ఒక్కటియే చెప్పి ఊరకుండు ప్రకటన సగము సత్యమే చెప్పుచున్నది. నిమిషమునకు ఎంత గాలి కదలునో దానిని గూడ అడుగవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, కొనువారు ఎన్నడును అడుగనిది, లోనికి పోయిన గాలి ఎట్లు వెలుపలికి వచ్చును అన్న ప్రశ్న. మా 1994 నాటి యంత్రము ముతక దుమ్మును సంచిలో నిలిపి, సన్నని దుమ్మును వెనుకనుండి గదిలోనికి విడిచెడిది. రోగికి హాని చేయునది ఆ సన్నని దుమ్మే. హెపా అను వడపోత దీనికి నివారణము. ఐరోపా ప్రమాణములలో హెచ్ 13 తరగతికి చెందినది, పట్టుటకు అతి కష్టమైన సూక్ష్మరేణువులలోను 99.95 శాతమును నిలుపవలెను. ‘హెపా వంటిది’, ‘హెపా తరహా’ అను మాటలకు ఈ హామీ లేదు. వడపోత ఉండిన చాలదు. గాలి దానిని తప్పించుకొని పోవు సందులు లేకుండ యంత్రము బిగుతుగా నుండవలెను.

సంచి యున్నది మేలా, లేనిది మేలా? సంచి లేనివి చూచుటకు సొగసు. పీల్చిన దుమ్ము గాజువంటి డబ్బాలో కనబడును, సంచులకు ఖర్చు లేదు. కాని డబ్బాను ఎవరు ఖాళీ చేయుదురు? ఉబ్బసము గలవారి ఇంట మూతి మూసికొను కాగితపు సంచియే మేలని నా అభిప్రాయము. ఖర్చు నిజమే, అయితే ఆ సంచులును వడపోతలును మన ఊర దొరకునా యని ముందే విచారింపవలెను. దొరకనినాడు యంత్రమునకు అటకయే గతి. మరియొక మాట: ముగ్గుపిండి, సున్నము, సిమెంటు వంటి మెత్తని పొడిని ఈ యంత్రములతో పీల్పరాదు, వడపోత క్షణములో పూడిపోవును. తడికి వేరుగా చేసిన యంత్రము కానిచో నీటి చెంతకు తేనే కూడదు. కల్లాపి చల్లు లోగిలికి దీనితో పని లేదు.

తీగ లేని బ్యాటరీ యంత్రములు చేతికి తేలిక, ముసలివారికి అనుకూలము. కాని నలువది నిమిషములు పనిచేయునను మాట సాధారణముగా మందగతికి చెందినది. పూర్తి బలముతో వాడిన పది నిమిషముల ప్రాంతముననే అలసిపోవునవి పెక్కు. బ్యాటరీయు కొన్నేండ్లకు శక్తి తగ్గును. మార్చుటకు వీలున్నదో లేదో అడుగవలెను. 2002లో అమెరికాలో రూంబా అను పేర వెలువడిన నాటినుండి తనంతట తిరుగు రోబోలును ప్రచారములోనికి వచ్చినవి. ఎత్తైన గడపలు, నేలపై చాపలు, పీటలు, తీగలు గల మన ఇండ్లలో వాటికి అడుగడుగున అడ్డంకులే. అవి పరుపుమీదికి ఎక్కవు. మా ఇంటి వ్యాధి పరుపులోనే యున్నది.

ఈ విచారమంతయు చేసిన పిదప నేను అబ్బాయికి వద్దని చెప్పి, నా భార్యను, పనిచేయు ఆమెను వెంటబెట్టుకొని దుకాణమునకు పోతిని. దుకాణదారు నాకు కుర్చీ వేసి, నాతోనే మాటాడనారంభించినాడు. “వాడేది వాళ్లండీ, వాళ్లకు చెప్పండి” అన్నాను. ఆతడు కొంచెము తికమకపడినాడు. నేను మెచ్చిన యంత్రమును పనిచేయు ఆమె ఒక్కసారి ఎత్తి చూచి, “మేడమీదకి మోయలేనండి” అని దింపినది. నా భార్య ఒక్కొక్కదాని సంచి తీసి, మరల అమర్చి చూచినది. రెంటిని చప్పుడు విని కాదన్నది. గొట్టము పొడవును, వంగకుండ మంచము క్రిందికి పోవునా లేదా యను సంగతిని నేలపై పరీక్షించినారు. కడకు నేను కన్నెత్తియైనను చూడని చిన్న యంత్రము నొకదానిని ఇద్దరును ఏకగ్రీవముగా ఎన్నుకొన్నారు. వాట్లు తక్కువ, సంచి యున్నది, పడకగది సాకెట్టునకు సరిపోవును.

తెచ్చిన నాడు పనిచేయు ఆమె ముఖమున సంతోషము కనబడలేదు. కొంతసేపటికి అసలు మాట వెలువడినది: “మిషనొచ్చింది కదా అమ్మగారూ, నా జీతం తగ్గిస్తారా?” మాకు అంతవరకు ఈ ప్రశ్న తోచనే లేదు. ఎన్నుకొనునపుడు ఆమె అభిప్రాయము అడిగితిమే కాని, ఆమె భయమును అడుగలేదు. తగ్గింపబోమని నా భార్య అప్పుడే చెప్పినది. రోజువారీ ఊడ్పు నేటికిని కొండచీపురుతో ఆమెయే చేయుచున్నది. పరుపులు, తెరలు, పుస్తకములు ఆదివారము నా వంతు. నా భార్య ఆ గంటసేపు పెరటిలో కూర్చుండును. ఆమె పిల్లికూతలు తగ్గినవని ఇప్పుడే చెప్పుట తొందరపాటగును. పరుపు మార్చితిమి, మందులును వాడుచున్నది. కాని రాత్రి నిద్ర కొంత మెరుగైనదని ఆమెయే అన్నది.

యంత్రమును ఈడ్చిన తొలి ఆదివారము నా నడుము నొప్పి పుట్టినది. ముప్పది యేండ్ల క్రిందట నేను ‘ఎన్ని వాట్లు’ అని మాత్రమే ఏల అడిగితినో ఆ నొప్పి నాకు బోధపరచినది. నాకు ఆ పనితో సంబంధము లేదు కనుకనే ఆ ప్రశ్న నాకు చాలినది.

ఉపాధ్యాయ మిత్రులారా, పాఠశాలకు నల్లబల్ల కొన్నను, చీపురు కొన్నను, మరుగుదొడ్డి శుభ్రపరచు సాధనము కొన్నను మన పద్ధతి ఇట్లే యున్నది: కొను సంఘము ఒకటి, వాడు చేయి మరొకటి. సుద్దముక్కల దుమ్మును ఏండ్లతరబడి పీల్చినవారము. ఆ సుద్ద నెవరు ఎన్నుకొన్నారో మన మెన్నడైన అడిగితిమా? విద్యార్థులారా, మీ ఇంట క్రొత్త వస్తువు కొనుటకు పెద్దలు బయలుదేరినపుడు వెల ఎంతయని అడుగుటకు ముందు, దానితో పని చేయువారు వెంట వచ్చుచున్నారా యని అడుగుడు. రాకున్న వారికొరకు ఒక్క పూట ఆగుటలో నష్టము లేదు.